మూడో గదిలో గాలి

కువైట్‌లో మందు చుక్క పట్టుబడితే మనిషిని జైల్లో పెట్టి, ఆ తర్వాత విమానం ఎక్కించి ఇంటికి పంపేస్తారు. నేను మాత్రం రోజూ పొద్దున ఏడింటికి లీటర్ల లెక్కన ఆల్కహాల్ పోసేవాణ్ణి. అందుకు నాకు జీతం కూడా ఇచ్చేవాళ్ళు. తాగేది మనిషి కాదు, యంత్రం. అందుకే ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు.

మా గోదాము మీనా అబ్దుల్లాలో ఉంది. ఓడల్లో వచ్చే పచ్చి అరటికాయలను మాగబెట్టి జమియాలకు, అంటే ఇక్కడి పేటపేటకీ ఉండే సహకార దుకాణాలకు పంపడం మా పని. గాలి చొరబడని గదులు ఐదు. ఒక్కో గదిలో తలుపు పక్కనే, నేల మీద, బియ్యం డబ్బా అంత యంత్రం ఒకటి. పైన ఆల్కహాల్ పోస్తే లోపల కాలే పలక మీద చుక్కలు చుక్కలుగా పడుతుంది. ఆ వేడికి ఆల్కహాల్ తన ఒంట్లోని నీటిని వదిలేసి ఇథిలీన్ అనే గాలిగా మారిపోతుంది. ఆ గాలి తగిలితే కాయలకు పండే బుద్ధి పుడుతుంది. మన ఊళ్ళలో పొగబెట్టి మాగేసినా లోపల పనిచేసేది ఈ గాలే. ఈ సంగతి చెబితే కూలీలు నవ్వేవాళ్ళు. దేశంలో బహిరంగంగా తాగే తాగుబోతు ఇదొక్కటే అని దానికి సలాం కొట్టి మరీ పెట్టెలు మోసేవాళ్ళు.

నా పేరు నాగేంద్రప్రసాద్. కడపలో కెమిస్ట్రీతో డిగ్రీ చదివి, నాలుగేళ్ళు ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పి, ఆ జీతంతో కడుపు నిండక ఇక్కడికి వచ్చి చేరాను. గదులను, యంత్రాలను చూసుకోవడం నా బాధ్యత. చదువుకున్నవాణ్ణని కూలీలు నా మాట వినేవాళ్ళు. అందులో నాకు కాస్త గర్వం కూడా ఉండేది, దాచుకోవడం దేనికి.

ఆ కూలీల్లో పెద్దవాడు పెద్దన్న. యాభై నాలుగేళ్ళుంటాయి. పులివెందుల పక్క పల్లె. అరటితోట ఉన్నవాడే. బోర్లు ఒకదాని తర్వాత ఒకటి ఎండిపోతే తోటను వదిలేసి, సొంత కాయలు మోసిన భుజం మీదే ఊరుకాని ఊళ్ళో పరాయి కాయలు మోయడానికి వచ్చాడు. గది తలుపు సందులో ముక్కు పెట్టి, ఇంకొక రోజు పట్టాదబ్బా అనేవాడు. నా మీటర్లు ఆ మాటే ఒక పూట తర్వాత చెప్పేవి. యంత్రం మీద ఆయనకు గౌరవం లేదు. వాసన చూడలేనోడికి పండు సంగతి ఏం తెలుస్తుందని దాని ముందరే తిట్టేవాడు.

మేమిద్దరం అబూ హలీఫాలో ఒకే ఫ్లాటులో, ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఆయన భార్య సంజీవమ్మ ఎగైలాలో ఒక కువైటీ ఇంట్లో పనిచేస్తుంది. శుక్రవారం పూట ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, ఆమెకు రెండు గంటలు సెలవిస్తుంది. ఆ రెండు గంటల్లోనే ఆమె డబ్బాలో సంగటి, పచ్చిపులుసు పెట్టుకుని వచ్చేది. మొగుడితో మాట్లాడేది తక్కువ, నన్ను బక్కోడని తిట్టేది ఎక్కువ. పోయిన చలికాలం నాకు విషజ్వరం వచ్చి పదకొండు రోజులు మంచం దిగలేదు. ఆ పదకొండు రోజులూ పెద్దన్న పని నుంచి వచ్చి నా మంచం పక్కన నేల మీదే పడుకున్నాడు. నేను ఆయన్ను చిన్నాయనా అని పిలవడం మొదలుపెట్టింది అప్పటి నుంచే. ఆయనకు పిల్లల్లేరు. నన్ను అబ్బోడా అనేవాడు.

జూలైలో మూడో గదికి పాడుకాలం మొదలైంది. ఆదివారం ఎక్కించిన కాయలు బుధవారానికి రంగు తిరగాలి. బుధవారం పొద్దున తలుపు తీసి చూస్తే చిలకల్లా పచ్చగా ఉన్నాయి. యంత్రం ఆడుతూనే ఉంది, ఆల్కహాల్ తరుగుతూనే ఉంది. అంటే తాగుతోంది కానీ ఇవ్వవలసిన గాలి ఇవ్వడం లేదు. కాళ్ళకు రబ్బరు బూట్లు వేసుకుని లోపలికి వెళ్ళాను. రెండడుగులు వేసేసరికి ముక్కుకు ఒక తియ్యటి వాసన తగిలింది. పండు తీపి కాదు. పాత ఆసుపత్రుల్లో ఆపరేషన్ గది దగ్గర ఉండేదని చెప్పుకునే తీపి. మోకాళ్ళ మీద వంగి యంత్రం దగ్గర ముఖం పెడితే ఆ వాసన ఇంకా చిక్కగా ఉంది, తల తిరిగింది.

ఆ వాసన నేను మర్చిపోయేది కాదు. డిగ్రీ రెండో ఏడాదిలో మా గంగారత్నం మేడం ఇదే పని గాజు సీసాలో చేసి చూపించింది. ఆల్కహాల్‌లో గాఢమైన ఆసిడ్ కలిపి నూట డెబ్భై డిగ్రీలకు కాచితే ఇథిలీన్ వస్తుంది. మా బ్యాచ్‌లో ఒకడు తొందరపడి నూట నలభై దగ్గరే మంట తగ్గించాడు. అప్పుడు గదిలోకి వచ్చింది ఇథిలీన్ కాదు, ఈ తియ్యటి వాసన. మేడం వెంటనే దీపాలన్నీ ఆర్పించింది. కిటికీలు తెరిపించింది, మమ్మల్ని వరండాలో నిలబెట్టింది. అప్పుడు చెప్పింది. వేడి చాలినంత ఉంటే ఆల్కహాల్ ఒక్కొక్కటీ తన నీళ్ళు తాను వదులుకుంటుంది. వేడి చాలకపోతే రెండేసి జతకట్టి, ఇద్దరికీ కలిపి ఒకే నీటిబొట్టు వదిలి, ఈథర్ అయి కూర్చుంటుంది. వేడి తగ్గితే పని తగ్గుతుందనుకోకండి, వేరే పని జరుగుతుంది అంది.

ఈథర్ గాలి కన్నా బరువు. పైకి లేచిపోదు, నేల పట్టుకుని పాకుతుంది. చిన్న నిప్పురవ్వ కనబడితే చాలు, అది పాకినంత మేరా ఒక్కసారి అంటుకుంటుంది. యంత్రంలో అంకెలు వేరు, ఆసిడ్ బదులు పలక ఉంటుంది, కానీ న్యాయం ఒకటే. మూడో గది యంత్రంలో వేడి పుట్టించే తీగ పాతబడిపోయింది. ఎంత ఆల్కహాల్ పోస్తే అంత ఈథర్ వండి నేల మీద పరుస్తోంది.

వెంటనే సూపర్‌వైజర్ అబ్దుల్ సలాం దగ్గరికి వెళ్ళాను. ఆయనది రాయచోటి. చెడ్డవాడు కాదు, పండగలకు అందరికీ బిర్యానీ పెట్టే మనిషే. కానీ ముదీర్, అంటే పై మేనేజరు, ఫోన్ చేస్తే లేచి నిలబడి మాట్లాడేవాడు. యంత్రం ఆపాలని చెప్పాను. తీగ మార్చేవరకు గది తలుపులు బార్లా తెరిచి గాలి ఆడనివ్వాలన్నాను. ఆయన నా మాట పూర్తిగా విన్నాడు. శనివారం నాలుగు జమియాలకు సరుకు వెళ్ళాలని, కొత్త తీగ రావడానికి పది రోజులు పడుతుందని, కాయలు పచ్చిగా పోతే ముదీర్ ముందు తన మెడ తెగుతుందని చెప్పాడు. వేడి తక్కువైతే ఆల్కహాల్ ఎక్కువ పోయమన్నాడు, రెండింతలు పోస్తే కొంతైనా పనికొచ్చే గాలి రాకపోతుందా అని. ఆ తర్వాత నా ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే అనుమతి కాగితాలు, రెన్యువల్‌కు తన టేబుల్ మీదే ఉన్నాయని, మాటల మధ్యలో, పెద్దగా నొక్కకుండా గుర్తుచేశాడు.

మంటలు లేస్తాయని నేను ఒకసారి అన్నాను. అప్పుడు ఆయన లేచి తలుపు దగ్గరికి వేశాడు.

"నిప్పు అనే మాట నీ నోట్లోనుంచి రానీకు ప్పా," అన్నాడు. "ఒకడు విన్నాడంటే రేపు ఒక్కడు గూడా పెట్టె ఎత్తడు. ఆ మాట బయటికి పోయిందంటే ఫైరోళ్ళు వచ్చి గోదాముకే సీలేస్తారు. నీకూ ఖలాస్, నాకూ ఖలాస్."

నేను తల ఊపాను. ఆ తల ఊపడం గురించి నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. సలాంను తిట్టుకోవడం తేలిక. కానీ ఈథర్ అంటే ఏమిటో ఆ గోదాములో తెలిసినవాడు ఒక్కడే, వాడు నేను. తెలిసి తల ఊపాను.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ యంత్రంలో చుక్కలు పడే చోట ఒక చిన్న వాల్వు ఉంటుంది. వేడి తగ్గినా, కరెంటు పోయినా అది తనంతట తానే మూసుకుపోతుంది, ఆల్కహాల్ పడటం ఆగిపోతుంది. వేడి చాలక అది మాటిమాటికీ మూసుకుపోతుంటే నేను రాగి తీగతో దాన్ని తెరిచి కట్టేశాను. ఎవరో చెప్పి చేయించిన పని కాదది, రెండింతలు పోయమన్నారు కాబట్టి ఎలాగో ఒకలాగా పోయాలని నా తెలివితో నేను చేసిన పని. గదిలో పంకాలు గట్టిగా తిరుగుతున్నాయి కదా, ఆవిరిని చెదరగొడతాయి కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాను. శనివారం దాకా, మూడు రోజులే కదా అనుకున్నాను.

కానీ ఎవరైనా లోపలికి వెళితే తల తిరిగి పడిపోతారన్న భయం పట్టుకుంది. సాయంత్రం కంపెనీ బస్సు ఎక్కేముందు పెద్దన్నను పక్కకు పిలిచాను. కూలీలు ఆయన మాట దాటరు, ఆయనకు చెబితే అందరికీ చెప్పినట్టే. సలాం ఆఫీసు కిటికీలోంచి మమ్మల్నే చూస్తున్నాడు.

"మూడో గదిలో గాలి బాగలేదు చిన్నాయనా," అన్నాను. "నేను లేకుండా ఎవర్నీ తలుపు తీయనీయొద్దు."

ఆయన గది వైపు చూసి, ముక్కు ఎగబీల్చి, తల ఊపాడు.

"గాలి చెడిందా," అన్నాడు. "అట్లయితే నువ్వు గూడా ఒంటిగా లోపలికి పోవద్దు అబ్బోడా. పోయేటప్పుడు నన్ను పిలువు."

సరేనన్నాను. సగం చెప్పినా చెప్పాను కదా అని నా గుండె కాస్త తేలికైంది. ఆ రాత్రి నిద్ర కూడా పట్టింది.

మా వైపు నల్లరేగడి ఊళ్ళలో జొన్నలు పాతరేసేవాళ్ళు. నేలలో మనిషి నిలువు కన్నా లోతుగా గొయ్యి తవ్వి, గింజ నింపి, పైన మట్టి కప్పి ఏడాది అలాగే ఉంచేవాళ్ళు. తెరిచిన రోజు అందులో గాలి చెడి ఉంటుంది. తెలియక దిగినవాడు దిగినట్టే కూలబడతాడు. అందుకని ముందు తాడుకు దీపం కట్టి లోపలికి దించుతారు. దీపం వెలిగితే మనిషి దిగొచ్చు, ఆరిపోతే ఆగాలి. పెద్దన్న చిన్నతాత అలా దీపం దించకుండా దిగి పోయినవాడే. ఆ ఇంట్లో పుట్టినవాడికి గాలి బాగలేదని చెప్పడమంటే, దీపం పెట్టి చూడమని చెప్పడమే. నాకు ఇదంతా తెలుసు. మా అవ్వ నోట విని పెరిగినవాణ్ణే. అయినా ఆ బుధవారం సాయంత్రం నా బుర్రకు తట్టలేదు. నా తల నిండా ఇఖామా కాగితాలు, రాగి తీగ ఉన్నాయి.

గురువారం పదకొండు కావస్తోంది. ఎండాకాలం మూడు నెలలూ పదకొండు నుంచి నాలుగింటి దాకా ఎండలో పని చేయించకూడదని ఇక్కడ చట్టం. కంటైనర్లు దించే కూలీలు పని ఆపేసి, గోదాము వెనక చాపలు పరిచిన గదిలోకి వెళ్ళిపోతున్నారు. బయట యాభై డిగ్రీల ఎండ. నేను మూడో గది ముందు చెప్పులు విడిచి, బూట్లు వేసుకుని లోపలికి వెళ్ళాను. పెద్దన్నను పిలవలేదు. కూడు తినే వేళ ఎందుకులే అనుకున్నాను.

కాయలు ఇంకా పచ్చగానే ఉన్నాయి. వాసన మాత్రం నిన్నటికి రెండింతలు. యంత్రం కింద నేల చెమ్మగా ఉంది. అరటికాయల మీద జాలేసింది. వాటి ముందర నిలబడి నేను చేస్తున్న పని మీద మొదటిసారిగా అసహ్యం పుట్టింది. ఇఖామా పోతే పోనీ అనుకున్నాను. తలుపు మూసి, గడియ పెట్టి, చెప్పులు మార్చుకోవడం కూడా మరిచి, బూట్లతోనే సలాం ఆఫీసుకు నడిచాను. యంత్రాన్ని అక్కడే ఆపేసి వెళ్ళి ఉండొచ్చు. కానీ ఆయన చేత ఔననిపించి ఆపాలనుకున్నాను. జీతగాడి బుద్ధి అంతే, ధైర్యం చేసేటప్పుడు కూడా అనుమతి అడుగుతుంది.

సలాంతో వాదిస్తుండగా కరెంటు పోయింది. ఆ వేసవిలో వాడకం ఎక్కువై గోదాముల పేటలో మధ్యాహ్నం పూట గంటా రెండు గంటలు కోత పెడుతున్నారు. ఏసీ ఆగింది, సలాం ముఖంలో వెలుగొచ్చింది. యంత్రం దానంతటదే ఆగింది కదా, ఇంక ఆపమని గోల ఎందుకు, కరెంటు వచ్చాక మాట్లాడుకుందాం అన్నాడు. నాకూ ఒక్క క్షణం అదే నిజమనిపించింది. కూర్చోమంటే కూర్చున్నాను కూడా. పది నిమిషాలో, పదిహేను నిమిషాలో ఆయన చెప్పేది వింటూ కూర్చున్నాను.

తర్వాత వాల్వు గుర్తుకొచ్చింది. కరెంటు పోతే మూసుకోవలసిన వాల్వును నేను తీగతో కట్టేశాను. పలక చల్లారుతోంది. చల్లారే పలక మీద ఆల్కహాల్ పడుతూనే ఉంది. ఆవిరిని చెదరగొట్టే పంకాలు ఆగిపోయాయి. అంటే ఈపాటికి మూడో గదిలో తలుపు దగ్గర, నేల పొడవునా, ఆ తియ్యటి గాలి చెరువులా నిలిచి ఉంటుంది. కుర్చీలోంచి లేవడం గుర్తుంది, సలాం ఏదో అనడం గుర్తుంది.

గదుల ముందరి నడవకు కిటికీలు లేవు. కరెంటు లేక చీకటిగా ఉంది. ఆ చివర, మూడో గది ముందు, చిన్న వెలుగు కనబడింది.

తర్వాత కూలీల వల్ల, సంజీవమ్మ వల్ల తెలిసింది ఇది. నన్ను కూటికి పిలవడానికి పెద్దన్న వెతుక్కుంటూ వచ్చాడు. మూడో గది ముందు నా చెప్పులు చూశాడు. చెప్పులు ఇక్కడుంటే మనిషి లోపలే ఉండాలి. తలుపు బాది పిలిచాడు. పలకలేదు. బయట గడియ ఉందే అన్న ఆలోచన కంగారులో ఆయనకు రాలేదు. గాలి చెడ్డ గదిలోకి అబ్బోడు ఒంటిగా వెళ్ళి పడిపోయాడనుకున్నాడు. ఇంకొకడైతే తలుపు తీసి గుడ్డిగా దూరేవాడు, బహుశా బతికేవాడు కూడా. పెద్దన్న జాగ్రత్తపరుడు. తానూ లోపల పడిపోతే అబ్బోణ్ణి బయటికి లాగేవాళ్ళు ఉండరు. అందుకని చాపల గదికి పరుగెత్తి, కరెంటు కోతల కోసం పెట్టుకున్న కొవ్వొత్తి తెచ్చాడు. పెట్టెలు లాగే ఇనుప కొక్కీ చివర దాన్ని నిలబెట్టాడు.

నేను చూసేసరికి ఆయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. తలుపు జానెడు తెరిచాడు. చెడుగాలి కింద ఉంటుందని తెలిసినవాడు కాబట్టి కొవ్వొత్తిని నేల మీదుగానే లోపలికి తోస్తున్నాడు. లోపలికి చూస్తూ నన్నే పిలుస్తున్నాడు, నాగేంద్రా, నాగేంద్రా అని.

"చిన్నాయనా, నిప్పు," అని అరిచాను. నిన్న చెప్పవలసిన మాట అప్పుడు అరిచాను.

ఆయన తల తిప్పబోయాడు, ఆ చీకట్లో నన్ను చూడనే లేదు. పెద్ద చప్పుడేమీ కాలేదు. తడి దుప్పటి దులిపినట్టు ఒక్క శబ్దం. తలుపు సందులోంచి నీలం మంట, కాలువకు నీళ్ళు వదిలినట్టు, నేల మీద పారుతూ వచ్చింది. ఆయన కూర్చున్నచోటే దాని మధ్యలో ఉండిపోయాడు. లేవబోయాడు. చొక్కా అంటుకుంది. నేను పరుగెత్తి వెళ్ళి ఆయన్ను వెనక్కి లాగాను. రబ్బరు బూట్లు కరిగి కాళ్ళకు అంటుకున్నాయి. సలాం గోడకున్న సిలిండర్ తెచ్చి నురుగు కొట్టాడు. మిగతా కూలీలు వచ్చేసరికి గదిలో అట్టపెట్టెలు అంటుకుని పొగ కమ్మేసింది. ఆ పొగలోంచి మేమిద్దరం ఆయన్ను ఎండలోకి మోసుకుపోయాం. ఆయన అప్పుడు కూడా నన్ను చూడలేదు, కళ్ళు కనబడటం లేదు.

సాయంత్రం అధికారులు వచ్చారు. కూలీ లోపల సిగరెట్ వెలిగించాడని సలాం అరబ్బీలో చెప్పాడు. అదే మాట రాసిన కాగితం నా ముందు పెట్టారు. పెద్దన్న జీవితంలో బీడీ ముట్టినవాడు కాదు. నేను సంతకం పెట్టలేదు. తీగ పాతబడిన సంగతి, ఈథర్ సంగతి, వాల్వు నేనే కట్టిన సంగతి, ఏదీ దాచకుండా హిందీ తెలిసిన పోలీసుతో చెప్పి రాయించాను. సలాం నేల చూస్తూ నిలబడ్డాడు. ఆయనకూ పిల్లలున్నారు, ఆ రోజు ఆయన మీద నాకు కోపం రాలేదు. అవసరమైనప్పుడు చెప్పని నిజం తర్వాత ఎంత బాగా చెప్పినా చచ్చిన చేపే. నా పాస్‌పోర్టు తీసుకుని, పిలిచినప్పుడు రావాలని చెప్పి పంపారు.

శనివారం ఆసుపత్రికి వెళ్ళాను. సంజీవమ్మ కాలిన గాయాల వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఉంది. ఆ ఇంటి మామా తన కారులోనే ఆమెను తీసుకొచ్చి, కింద వేచి ఉందట. మొగుడికి నూటికి డెబ్భై పాళ్ళు కాలిందని, ఇంక ఎక్కువ సమయం లేదని నర్సు చెప్పిందని ఆమె నాకు చెప్పింది. ఏడవడం అప్పటికే అయిపోయినట్టుంది. కట్టు కట్టిన నా కాళ్ళు చూసి, మందు పూసినారా అని అడిగింది.

నేను నేల మీద కూర్చున్నాను. పోలీసులకు చెప్పిందంతా ఆమెకూ చెప్పాను. ఈథర్ అంటే ఏమిటో మొదట అర్థం కాలేదు. నేలమీద పాకే గాలి, నిప్పు తగిలితే మండుతుంది అని చెప్పాను. ఆ ముక్క అర్థమైంది. కొంగు అంచు వేలికి చుట్టుకుంది.

"గాలి బాగలేదన్న్యావు," అంది. "నిప్పు పెడితే మండుతాది అనే ఒక్క మాట గూడా చెప్పింటే, దీపం పెట్టేటోడు కాదు గదా?"

"పెట్టేవాడు కాదు చిన్నమ్మా," అన్నాను.

కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనిపించింది. ఆమె లేచి, ముఖం తుడుచుకుని, వార్డు తలుపు వైపు చూసింది.

"ఆయప్పకు ఇది చెప్పొద్దు," అంది. "నువ్వు లోపల పడిపోయినావని, తాను తలుపు తీస్తేనే బయటికొచ్చినావని అనుకుంటాండాడు. రెండు రోజులనుంచి అదే మాట. అది నిజమే అని నీ నోటితో చెప్పు. లోపలికి రా."

నేను రాలేనన్నాను. ఆమె నా రెక్క పట్టుకుని లేపింది. అంత గట్టిగా ఆమె నన్ను ఎప్పుడూ పట్టుకోలేదు.

లోపల పెద్దన్నకు ముఖమంతా కట్లు. పెదాలు మాత్రం కనబడుతున్నాయి. మంచం పక్కన నిలబడి చిన్నాయనా అన్నాను. నా గొంతు విని ఆయన వేలు కదిలింది.

"వచ్చినావా అబ్బోడా," అన్నాడు. మాట గాలిలా వచ్చింది. "లోపల ఎంతసేపు పడిపోయింటివి?"

 వెనక నుంచి సంజీవమ్మ చెయ్యి నా వీపు మీద ఆనింది.

"చానాసేపు చిన్నాయనా," అన్నాను. "నువ్వు తలుపు తీయకపోయింటే అందులోనే పోయేవాణ్ణి."

ఆయన పెదాలు సాగాయి. నవ్వే అయి ఉండాలి. భార్య ఎటువైపు ఉందో తెలియక, తల కొంచెం ఇటూ, కొంచెం అటూ తిప్పాడు.

"ఇన్నావా సంజీవా," అన్నాడు. "నేను సెప్పలే, వాడు లోపలే ఉండాడని."

"ఇన్న్యాలే," అంది సంజీవమ్మ. "నువ్వు సెప్పిందే నిజం."

ఆమె స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చుంది. నన్ను వెళ్ళమని చెప్పలేదు, ఉండమనీ చెప్పలేదు. నేను అక్కడే నిలబడ్డాను.